మోకాలి దెబ్బ: పడ్డ రోజు నుంచి మళ్లీ కూతకెళ్లే రోజు దాకా

సంక్రాంతి వెళ్లిన వారానికి విజయనగరంలో నా క్లినిక్ బెంచీ మీద కుర్రాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. ఊళ్లో కబడ్డీ పోటీలు ఆడి వచ్చినవాళ్లే ఎక్కువ. మోకాలికి పసుపు పట్టు, దాని మీద బిగించి కట్టిన గుడ్డ. "ఏటైంది బాబూ?" అనడిగితే ఇంచుమించు అందరిదీ ఒకటే మాట. "పాదం నేలకి అతుక్కుపోనాది మేడమ్, ఒళ్లు తిరిగిపోనాది. లోపల టప్‌మని ఇనబడ్డాది."

నేను ఫిజియోథెరపిస్టుని. అంతకుముందు బొబ్బిలి దగ్గర మా ఊళ్లో కబడ్డీ ఆడేదాన్ని. ఇంటర్ రెండో ఏడాదిలో నా కుడి మోకాలు కూడా అలాగే టప్‌మంది. ఇంట్లోవాళ్లు నూనె మర్దనా చేయించి, కట్టు కట్టించి రెండు నెలలు మంచం దిగనివ్వలేదు. లేచేసరికి నొప్పి లేదు. కానీ తొడ సన్నబడిపోయింది, కాలు పూర్తిగా చాపుకోవడం రావట్లేదు. నొప్పి లేదు కదా అని మళ్లీ కూతకెళ్లాను. వెనక్కి తిరగబోతే మోకాలు పక్కకి జారింది. ఈసారి కీలు మధ్యలో ఉండే మెత్త కూడా చిరిగింది. నొప్పి తగ్గడం వేరు, మోకాలు బాగవడం వేరు అని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. ఆ తేడా ఎలా కనిపెట్టాలో, బాగయ్యేదాకా ఇంట్లో ఏం చేయాలో చెబుతాను.

ముందు ఏం తెగి ఉంటుందో

వాపు ఎప్పుడొచ్చిందో గుర్తు తెచ్చుకోండి. సగం సంగతి అందులోనే తెలుస్తుంది. టప్‌మన్నాక రెండు గంటల్లోపే మోకాలు కొబ్బరికాయలా ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు. ఎక్కువగా ఏసీఎల్ అనే లిగమెంటు తెగినప్పుడు ఇలా ఉంటుంది. తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారిపోకుండా పట్టి ఉంచే తాడు అది. తర్వాత వాపు తగ్గి మామూలుగా నడుస్తున్నా, చటుక్కున తిరిగితే మోకాలు తప్పుకుంటుంది.

వాపు మర్నాటి పొద్దుటికి నెమ్మదిగా వచ్చి, కీలు గీత మీద వేలు పెడితే ఒకచోట చురుక్కుమంటూ, గొంతుక్కూర్చుంటే నొప్పి ఎక్కువైతే మెనిస్కస్‌ని అనుమానించాలి. రెండెముకల మధ్య షాక్ అబ్జార్బర్‌లా పనిచేసే మెత్త అది. చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుంటే కాలు మడిచినచోటే ఆగిపోతుంది, చాపలేరు. అలా లాక్ అయిన మోకాలిని బలవంతంగా లాగనివ్వకండి. ఒకటి రెండు రోజుల్లో ఎముకల డాక్టరుకి చూపించాలి.

బయటివైపు నుంచి దెబ్బ తగిలి లోపలివైపు నొప్పి పెడితే ఆ పక్కనుండే తాడు, అంటే ఎంసీఎల్, దెబ్బతిన్నట్టు. అది కొంచెం చిరిగితే ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. బైక్ మీంచి పడి మడిచిన మోకాలు రోడ్డుకి కొట్టుకుంటే వెనకవైపు తాడు, అంటే పీసీఎల్, తెగవచ్చు. ఇది తొందరగా బయటపడదు. పైన గీరుకున్న చర్మం మానగానే అంతా అయిపోయిందనుకుంటాం.

దెబ్బేమీ లేకుండా చిప్ప చుట్టూ నొప్పి రావడం వేరే కథ. పోలీసు సెలక్షన్ల కోసం 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ ఒక్కసారిగా మొదలుపెట్టిన పిల్లలు దీంతోనే ఎక్కువగా వస్తారు. మెట్లు దిగేటప్పుడు, బస్సులో చాలాసేపు కూర్చున్నప్పుడు చిప్ప వెనక లాగుతుంది. లోపల ఏదీ తెగి ఉండదు. మోకాలు అలవాటుపడే లోపే పరుగు పెంచేశారు, అంతే.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి: నాలుగడుగులు కూడా వేయలేకపోవడం, మోకాలు 90 డిగ్రీల దాకా మడవలేకపోవడం, చిప్ప మీదో మోకాలి బయటివైపు కింద ఉండే చిన్న ఎముక గుబ్బ మీదో నొక్కితే నొప్పి, వయసు 55 పైబడటం. వీటిలో ఒక్కటున్నా ఎక్స్‌రే తీయించాలి. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా అదే గంటలో వెళ్లండి. జ్వరంతో మోకాలు ఎర్రగా కాలిపోతున్నా, పిక్క వాచి ఆయాసం వస్తున్నా ఇంట్లో ఉండకూడదు.

మొదటి మూడు రోజులు

మర్దనా వద్దు. నా మాటల్లో ఇదొక్కటి గుర్తున్నా చాలు. లోపల రక్తం కారుతున్న మోకాలిని నూనె రాసి పిసికితే రక్తం ఇంకా చేరుతుంది. వేడి కాపడం వద్దు, సారా వద్దు, "నడిస్తే సర్దుకుంటాది" అని పరుగూ వద్దు.

ఐస్‌ని తడిగుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టండి. రెండు మూడు గంటలకోసారి చాలు. నేరుగా చర్మం మీద పెడితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. క్రేప్ బ్యాండేజీ పిక్క దగ్గర మొదలుపెట్టి తొడ సగం దాకా పైకి చుట్టండి. కాలివేళ్లు నీలంగా మారినా, తిమ్మిరి పట్టినా విప్పేసి వదులుగా కట్టాలి. పడుకున్నప్పుడు మడమ కింద దిండ్లు వేసి కాలు గుండెకంటే ఎత్తులో ఉంచండి. మోకాలి కింద మాత్రం దిండు పెట్టకండి. హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. నాకు జరిగింది అదే.

తొడ కండని లేపడం

మోకాలు వాస్తే తొడ ముందుకండకి మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ మందగిస్తుంది. అందుకే వారం పది రోజుల్లోనే తొడ కరిగిపోతుంది. ఆ కండ పనిచేయకపోతే ఏ తాడు కట్టినా మోకాలు నిలవదు. కాబట్టి నొప్పి ఓర్చుకోగలిగిన మొదటి రోజు నుంచే ఇది మొదలుపెట్టిస్తాను.

నేల మీద కాళ్లు చాపి కూర్చోండి. తువ్వాలు చుట్టగా చుట్టి దెబ్బ తగిలిన మోకాలి కింద పెట్టండి. మోకాలితో ఆ చుట్టని నేలకి అదమాలి. అదుముతూ చిప్పకి కొంచెం పైన, లోపలివైపు మూడు వేళ్లు ఆనించండి. అక్కడ నీటిబొట్టు ఆకారంలో ఒక కండ ఉంటుంది. ముందు బాగున్న కాలితో చేసి చూడండి, వేళ్ల కింద రాయిలా గట్టిపడుతుంది. తర్వాత దెబ్బ కాలు. మొదటి రోజు అది పిండిముద్దలా మెత్తగానే ఉంటుంది, కంగారు పడకండి. ఐదు సెకన్లు పట్టి వదలండి. అలా పదిసార్లు, రోజుకి నాలుగు పూటలు. గంట్యాడ వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయికి ఆ కండ వేళ్లకి తగలడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజు వాళ్లమ్మని పిలిచి ఆమె వేళ్లు పెట్టించి మరీ చూపించాడు.

కాలు పూర్తిగా చాపడం కోసం అదే తువ్వాలు మడమ కింద పెట్టి, మోకాలిని గాల్లో వదిలేయండి. ఐదు నుంచి పది నిమిషాలు. మడవడానికి మడమ కింద ప్లాస్టిక్ కవరు వేసుకుని నున్నటి గచ్చు మీద మడమని మీ వైపు జరుపుకోండి. నొప్పి మొదలైనచోట ఆగి వెనక్కి.

కండ గట్టిపడ్డాకే కాలు ఎత్తే వ్యాయామం. వెల్లకిలా పడుకుని, మోకాలు వంగకుండా కాలు అడుగు ఎత్తు లేపాలి. లేపేటప్పుడు మోకాలు కొంచెమైనా వంగుతుంటే ఇంకా సమయం రాలేదు, తువ్వాలు దగ్గరికే వెళ్లండి.

ఎంత నొప్పి వరకు చేయొచ్చని అందరూ అడుగుతారు. పదికి మూడు మార్కుల నొప్పి పర్వాలేదు. మర్నాడు పొద్దున్న వాపు పెరిగితే ముందురోజు ఎక్కువ చేశారని అర్థం. ఆపేయకండి, సగానికి తగ్గించండి.

నిలబడి చేసేవి

కుంటకుండా నడవగలిగాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి. తర్వాత ఇంట్లో ఉన్న పీట తీసుకుని గోడ పక్కన వేసుకోండి. దెబ్బ కాలు పీట మీద పెట్టి ఎక్కి, రెండో కాలి మడమ నేలకి తగిలేలా మెల్లగా దిగండి. దిగడమే అసలు పని. అద్దం ముందు చేయండి, మోకాలు లోపలికి వాలకుండా రెండో కాలివేలి వైపే ఉండాలి. వాలుతుంటే తుంటి పక్క కండ బలహీనంగా ఉన్నట్టు. పక్కకి తిరిగి పడుకుని పై కాలు వంగకుండా లేపడం దానికి మందు. చిప్ప నొప్పి ఉన్నవాళ్లకి సగం ఉపశమనం ఇందులోనే దొరుకుతుంది.

గుంజీలు తీస్తే గుజ్జు అరిగిపోదా అని తల్లిదండ్రులు భయపడతారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఆడపిల్లలు రోజూ బరువులెత్తుతున్నారు. క్రమంగా పెంచిన బరువు మోకాలిని కాపాడుతుంది. సోమవారం లేని బరువు మంగళవారం ఒక్కసారే మీద పడితేనే చేటు.

పెద్దవాళ్ల అరుగుదలకీ ఇదే వైద్యం. "గుజ్జు అరిగిపోనాదంటన్నారు తల్లీ, ఉభాలకి ఎల్లొద్దన్నారు" అని, అంటే వరి నాట్లకి వెళ్లొద్దన్నారని, కళ్లనీళ్లు పెట్టుకున్న పెద్దమ్మలు ఎందరో. నడక మానేస్తే తొడ ఇంకా కరిగి నొప్పి పెరుగుతుంది. కుర్చీ లేవడం, పీట ఎక్కడం రోజు విడిచి రోజు చేయిస్తాను. నేల మీద కూర్చోవడం కొన్నాళ్లు తగ్గించి, ఉభాల్లో గంటకోసారి గట్టెక్కి నడుము, కాళ్లు చాపుకోమంటాను. శరీర బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

ఆపరేషన్, ఆ తర్వాత మైదానం

ఏసీఎల్ తెగిన అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఆఫీసు పని, మామూలు నడక ఉన్నవాళ్లు చాలామంది వ్యాయామంతోనే నిలదొక్కుకుంటారు. తిరిగే ఆటలు ఆడేవాళ్లకి, వ్యాయామం చేసినా మోకాలు తప్పుకుంటూనే ఉన్నవాళ్లకి సర్జరీ మంచిది. అయితే వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగాకే బల్ల ఎక్కండి. బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే ఆ బిగువు వదలడం చాలా కష్టం.

కొత్తగా వేసిన తాడు మొదటి కొన్ని నెలల్లో పట్టుకునే ముందు బలహీనపడుతుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోతుంది, కుర్రాళ్లకి ధైర్యం వస్తుంది. కబడ్డీకి కనీసం 9 నెలలు ఆగాలి. నెలలు గడిస్తే చాలదు, కొలవాలి కూడా. చిప్ప పైఅంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి రెండు తొడలూ టేపుతో కొలవండి. తర్వాత ఒంటికాలి గెంతు. బాగున్న కాలితో 150 సెంటీమీటర్లు గెంతితే, ఆపరేషన్ కాలితో కనీసం 135 గెంతి తూలకుండా నిలబడాలి.

ఆ గంట్యాడ అబ్బాయికి ఆపరేషన్ అయిన తొమ్మిదో నెలలో క్లినిక్ వరండాలో సుద్దముక్కతో గీత గీశాను. ఎడమ కాలితో 162, కుడి కాలితో 128. "మేడమ్, నొప్పేటీ లేదు" అన్నాడు. లేదని నాకూ తెలుసు. పీట మీద అడుగులు ఇంకో రెండు నెలలు చేయించి మళ్లీ గీత గీశాను. 151 వచ్చింది, తూలలేదు. ఆ రోజు బూట్లు వేసుకోమన్నాను.