హైనిష్ బీచ్ చెట్ల అడవికి శరత్కాలంలో వెళ్లేవారు పాటించవలసిన జాగ్రత్తలు

జర్మనీలోని థురింగియా రాష్ట్రంలో ఉన్న హైనిష్ అడవిలో అక్టోబరు వచ్చిందంటే బీచ్ (beech) అనే ఆకురాల్చే చెట్ల ఆకులు పసుపు, రాగి రంగులకు తిరుగుతాయి. యేనా, ఇల్మెనావ్ వంటి ఊళ్లలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులు వారాంతంలో అక్కడికి వెళ్లాలనుకోవడం సహజమే. అయితే 2011లో కొంత భాగం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఇక్కడి నేషనల్ పార్కులో కూలిన మానును, ఎండిన కొమ్మను తొలగించకుండా ఉన్నచోటే కుళ్లనిస్తారు. అడవి గొప్పతనమూ, అందులోని ప్రమాదమూ ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు తల పైకెత్తి చూడడం అలవాటు చేసుకోవాలి. 2018 నాటి కరవు తర్వాత ఇక్కడ చాలా బీచ్ చెట్లకు పైకొమ్మలు ఎండిపోయాయి. మొదలు దగ్గర బెరడు బూడిదరంగులో నున్నగా, ఆరోగ్యంగానే కనిపిస్తున్నా, పైన బెరడు ఊడిన కొమ్మ విరగడానికి సిద్ధంగా ఉండవచ్చు. మాను మీద గుర్రపు డెక్క ఆకారంలో గట్టి పుట్టగొడుగులు పొడుచుకొని వచ్చాయంటే లోపలి కలప కుళ్లుతోందని అర్థం. అటువంటి చెట్టు కింద కూర్చుని భోజనం చేయడం, ఫొటోలకు నిలబడడం మానుకోవాలి. గాలి హెచ్చరిక ఉన్న రోజున అసలు బయలుదేరకూడదు. గాలి తగ్గిన మరునాడు కూడా పైన చిక్కుకున్న కొమ్మలు రాలుతుంటాయి కాబట్టి, మరో రోజు ఆగి వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం.

బాట దిగకూడదు. దశాబ్దాల పాటు సైనిక శిక్షణకు వాడిన నేల 1997 చివరిలో నేషనల్ పార్కులో భాగమైంది. పేలని మందుగుండు ఇంకా మట్టిలో ఉండవచ్చు. బాట మీద కూడా రాలిన ఆకుల కింద తడి వేర్లు కనిపించవు కనుక పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి.

ఇక్కడ పుట్టగొడుగులు కోయడం నిషిద్ధం. బీచ్ చెట్ల కింద పెరిగే డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగుకు లేత ఆకుపచ్చ గొడుగు, దాని కింద తెల్లని రేకులు, కాడ అడుగున సంచి వంటి తొడుగు ఉంటాయి. దాని విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటలకు గాని వాంతులు మొదలుకావు, కాలేయానికి ముప్పు ఆ తర్వాత బయటపడుతుంది.

చలి పడ్డా రక్తం పీల్చే గోమార్లు (టిక్స్) చావవు. ఇంటికి రాగానే మోకాళ్ల వెనుక, చంకల్లో వెతకాలి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఆపైన సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది కాబట్టి మూడింటికల్లా వెనుదిరగాలి. జర్మనీ అడవుల్లో దారి పక్కన నంబరుతో కనిపించే రక్షణ స్థలం (సహాయ బృందాలు చేరుకునే చోటు) బోర్డును ఫొటో తీసి ఉంచుకుంటే, అత్యవసర సాయం కోసం 112కు ఫోన్ చేసినప్పుడు ఎక్కడ ఉన్నామో ఆ బోర్డు నంబరుతోనే చెప్పవచ్చు.