కంప్యూటర్‌లో పాముని పాకించడం ఎలా?

చేపను తల నుంచి తోక వైపు నిమిరితే చెయ్యి జారిపోతుంది, ఎదురు నిమిరితే పొలుసులు గీరుకుంటాయి. పాము పొట్ట కింది పొలుసులదీ అదే తీరు. యానిమేషన్‌లో ఈ తేడా పెట్టకుండా అన్ని వైపులా ఒకే ఘర్షణ గుణకం (ఘర్షణ ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే సంఖ్య) ఇస్తే, పాము ఎంత మెలికలు తిరిగినా పెద్దగా ముందుకు సాగదు. 1988లోనే కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు గావిన్ మిల్లర్ పాములు, పురుగుల కదలికను సిమ్యులేట్ చేస్తూ దిక్కును బట్టి మారే ఘర్షణని వాడారు.

మొదట శరీరం. ఓ 20, 30 బిందువుల్ని వరుసగా పెట్టి స్ప్రింగులతో కలపండి. తల నుంచి తోక దాకా సైన్ తరంగం సాగుతున్నట్టు వంపుల్ని మారుస్తూ ఉండండి. ఇది తేలికే.

తర్వాత ప్రతి బిందువు దగ్గరా రెండు దిక్కులు కావాలి. వెనక బిందువు నుంచి ముందు బిందువుకు వెళ్లే వెక్టర్‌ని నేల తలం మీదికి దించి, పొడవు 1 చేస్తే 'ముందు' దిక్కు వస్తుంది. నేల అభిలంబంతో (నేలకు లంబంగా పైకి ఉండే దిక్కుతో) దాని క్రాస్ ప్రొడక్ట్, అంటే ఆ రెండింటికీ లంబంగా ఉండే వెక్టర్, 'పక్క' దిక్కు. పొలుసులు పాముతోపాటే తిరుగుతాయి కాబట్టి వీటిని ప్రతి స్టెప్‌లోనూ (లెక్క ముందుకు సాగే ప్రతి చిన్న కాల వ్యవధిలోనూ) మళ్లీ లెక్కించాలి.

గుణకాల కోసం తడుముకోనక్కర్లేదు. పాముల కదలికను పరిశోధించిన డేవిడ్ హూ బృందం మత్తులో ఉంచిన పాముల్ని గుడ్డ మీద కొలిచి 2009లో ఫలితాలు ప్రచురించింది: ముందుకి సుమారు 0.11, వెనక్కి 0.14, పక్కకి 0.20.

ఇక అసలు లెక్క. మొదట గురుత్వ బలం, స్ప్రింగుల బలం కలిపి కొత్త వేగం తెచ్చుకోండి. అందులో నేలకు లంబంగా ఉన్న భాగాన్ని తీసేయండి. మిగిలిన వేగం దిక్కుని ముందు, పక్క భాగాలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని దాని గుణకంతోనూ అభిలంబ బలంతోనూ (నేల ఆ బిందువుని పైకి నెట్టే బలంతోనూ) గుణించి, గుర్తు మార్చండి. ముందు భాగం రుణాత్మకమైతే వెనక గుణకం వాడాలి. వచ్చిన బలం వేగానికి సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త వంకరగా ఉంటుంది. బగ్ అనుకుని సరిచేసేరు! పాముని ముందుకు నెట్టేది ఆ వంకరే.

పాము నిలబడ్డచోటే వణుకుతుంటే కారణం దాదాపు ఒకటే. ఘర్షణ వేగాన్ని ఆపగలదు గానీ వెనక్కి తిప్పలేదు. ఒక స్టెప్‌లో అది తగ్గించే వేగం ఆ దిక్కులో ఉన్న వేగం కంటే ఎక్కువైతే, ఆ భాగాన్ని సున్నా చేసి వదిలేయండి.

పరీక్షించడానికి తరంగం ఆపి, తిన్నగా ఉన్న పాముని 7 డిగ్రీల వాలు మీద పెట్టండి. ఆ కోణం టాంజెంట్ దాదాపు 0.12. కాబట్టి తల కిందికి ఉంటే జారాలి. తోక కిందికి ఉన్నా, వాలుకి అడ్డంగా ఉన్నా కదలకూడదు. తోక వైపుకీ జారుతోందంటే గుర్తు చూసే దగ్గర తప్పుంది.

ఓపెన్ డైనమిక్స్ ఇంజిన్, బుల్లెట్ లాంటి రెడీమేడ్ ఫిజిక్స్ సాఫ్ట్‌వేర్‌లలో వేర్వేరు దిక్కులకి వేర్వేరు గుణకాలు ఇచ్చే వీలుంది. ముందుకీ వెనక్కీ ఉండే తేడా మాత్రం అందులో రాదు. వేగం గుర్తు చూసి ప్రతి స్టెప్‌లో ఆ గుణకాన్ని మీరే మార్చాలి.