అంపైర్ నిర్ణయంపై వాదనకు దిగే ముందు చూడవలసినవి

ఎల్‌బీడబ్ల్యూ (వికెట్లకు తగలబోయే బంతికి బ్యాటర్ కాలు అడ్డుపడి ఔటవడం) విషయంలో అంపైర్‌ను తప్పుపట్టే ముందు, మైదానంలో ఆయన మొదట ఔటిచ్చాడా, నాటౌటిచ్చాడా అన్నది గుర్తుచేసుకోవాలి. బంతిలో సగానికి తక్కువ భాగమే వికెట్లను తాకుతుందని బంతి దారిని అంచనా వేసే బాల్ ట్రాకింగ్ చూపితే అది 'అంపైర్స్ కాల్' అవుతుంది, అంటే మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది కనుక, అచ్చంగా ఒకేలాంటి బంతికి ఒక బ్యాటర్ ఔటై మరొకరు బతికిపోవడం నిబంధనల ప్రకారమే జరుగుతుంది.

తరువాత బంతి ఎక్కడ పడిందో చూడాలి. లెగ్ స్టంప్ లైనుకు బయట పడిన బంతి మిడిల్ స్టంప్‌ను ఎగరగొట్టేలా ఉన్నా ఎల్‌బీడబ్ల్యూ కాదు. ఆఫ్ స్టంప్ బయట ప్యాడ్‌కు తగిలితే మాత్రం, బ్యాటర్ నిజంగా షాట్ ఆడబోయాడా, లేక బ్యాటును ప్యాడ్ వెనుక దాచుకున్నాడా అన్నది తేల్చుకోవాలి.

పాత మ్యాచ్‌ల మీద వాదించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2008 జనవరిలో భారత్, ఆస్ట్రేలియాల మధ్య సిడ్నీ టెస్టులో ఆస్ట్రేలియా బ్యాటర్ ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల వద్ద ఉండగా ఇషాంత్ శర్మ బంతి బ్యాటుకు తగిలి ధోనీ చేతిలో పడినా అంపైర్ స్టీవ్ బక్నర్ నాటౌటిచ్చాడు. సైమండ్స్ 162తో అజేయంగా నిలిచాడు. ఆఖరి రోజు ద్రవిడ్‌ను, బంతి ప్యాడ్‌కే తగిలినా, క్యాచ్ ఔటిచ్చిందీ ఆయనే. అప్పటికి అంపైర్ నిర్ణయాన్ని సమీక్షించమని ఆటగాళ్లు కోరే డీఆర్ఎస్ పద్ధతి లేదు. ఇవి పొరపాట్లని రీప్లేలతో చూపవచ్చు గానీ, కావాలనే చేశాడనడానికి రీప్లే చాలదు. అలా అనేవారిని ఆధారం అడగాలి. భారత్ 122 పరుగుల తేడాతో ఓడిందని లెక్క చెప్పేటప్పుడు, ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు మైకేల్ క్లార్క్ ఒకే ఓవర్లో చివరి మూడు వికెట్లూ తీశాడన్నది కూడా కలిపి చెప్పాలి.