పాసిఫ్లోరా మొక్క ఏ శాఖకు చెందిందో తేల్చడం ఎలా

పెరటిలో పూసే రాఖీ పువ్వు, కంచెల మీద అల్లుకునే తెల్ల జుమికి, పండ్ల కోసం పెంచే పాషన్ ఫ్రూట్ తీగ, ఈ మూడూ పాసిఫ్లోరా ప్రజాతిలోనివే. 500కు పైగా జాతులున్న ఈ ప్రజాతిలో అమెరికా ఖండాల మొక్కలను వృక్షశాస్త్రవేత్త కిల్లిప్ 1938లో 22 ఉపప్రజాతులుగా, అంటే శాఖలుగా, విడదీశాడు. ఇప్పుడు పాసిఫ్లోరా, డెకలోబా, ఆస్ట్రోఫియా, డీడామియోయిడెస్, టెట్రపేథియా అనే అయిదింటినే గుర్తిస్తున్నారు.

వర్గీకరణ మొదలుపెట్టేటప్పుడు ఆకు ఆకారాన్నీ పువ్వు రంగునూ పక్కన పెట్టండి. హెలికోనియస్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఈ ఆకులను తింటాయి, ఆ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టడానికి ఆకులను చూసి ఎంచుకుంటాయి కనుక, వాటి ఒత్తిడి వల్ల దగ్గరి బంధువుల ఆకులు సైతం ఒకదానికొకటి పోలిక లేకుండా మారిపోయాయని పరిశోధకులు భావిస్తారు. హమ్మింగ్ పక్షులను ఆకర్షించే ఎర్రని పూలు కూడా వేర్వేరు శాఖల్లో విడివిడిగా పుట్టుకొచ్చాయి.

నమ్మదగిన ఆధారాలు పువ్వు లోపలా దాని కిందా ఉంటాయి. పువ్వును నిలువుగా కోసి, తంతువుల వలయం అడుగున మకరందాన్ని మూసి ఉంచే పలుచని పొరను భూతద్దంతో చూడండి. అది విసనకర్రలా మడతలు పడి ఉండి, పువ్వు చిన్నదై, కింది పుచ్ఛాలు (పువ్వు కింద ఉండే చిన్న ఆకుల్లాంటి భాగాలు) సన్నగా ఉంటే డెకలోబాను అనుమానించాలి. ఈ శాఖకే చెందిన, మన దగ్గర కలుపుగా వ్యాపించిన సుబెరోసా జాతికి ఆకర్షణ పత్రాలే (పూరేకులే) ఉండవు. పువ్వు పెద్దదై, కింద మూడు వెడల్పాటి పుచ్ఛాలుంటే అది బహుశా పాసిఫ్లోరా ఉపప్రజాతి. రాఖీ పువ్వు ఇందులోనిదే. తెల్ల జుమికి పుచ్ఛాలు జిగురు కారే వలలా కాయను చుట్టుకుని చిన్న పురుగులను పట్టేస్తాయి. పువ్వు చిన్నదే అయినా దీని స్థానం కూడా ఇక్కడే.

తరువాత క్రోమోజోములు లెక్కించండి. ప్రాథమిక సంఖ్య (ఒక సెట్‌లో ఉండే క్రోమోజోముల సంఖ్య) డెకలోబాలో ఎక్కువగా 6, పాసిఫ్లోరా ఉపప్రజాతిలో 9, ఆస్ట్రోఫియాలో 12. తెల్ల జుమికిలో అది 10 కాబట్టి ఈ ఒక్క సంఖ్యతోనే తీర్పు చెప్పకూడదు.

చివరిది డీఎన్‌ఏ పరీక్ష. చాలా మొక్కల్లో హరితరేణువులు తల్లి నుంచే వస్తాయి, కానీ పాసిఫ్లోరా ప్రజాతిలో తండ్రి నుంచి కూడా రావచ్చు. అందుకే హరితరేణువు జన్యువులతో పాటు కణ కేంద్రకంలోని, ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని కూడా చదివి, రెండింటితో వేర్వేరుగా వంశవృక్షాలు గీయాలి. ఒక జాతి ఆ రెండు వృక్షాల్లో వేర్వేరు కొమ్మల మీద కనిపిస్తే, దానికి చోటు నిర్ణయించే ముందు సంకరం (రెండు జాతుల కలయిక) జరిగిందేమో పరిశీలించాలి.