రేకుల కప్పు చిల్లులు మూసే ముందు జాగ్రత్తలు

చిల్లు ఎక్కడుందో ముందు కింది నుంచే చూసుకోండి. పగటిపూట గది చీకటి చేస్తే వెలుతురు చుక్కలా కనబడుతుంది. అందులోంచి సన్నని తీగ పైకి దూర్చి ఉంచితే పైన వెతుక్కోనక్కర్లేదు. నీటి మరక ఉన్నచోటే చిల్లు ఉంటుందనుకోవద్దు, నీరు రేకు వాలు వెంట జారి ఎక్కడో కారుతుంది.

తడి రేకు మీద, గాలి వీచేటప్పుడు ఎక్కకండి. నిచ్చెన మొదలు 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున గోడకు దూరంగా ఉండాలి, కొస చూరు పైకి 3 అడుగులు రావాలి. కింద ఒకరు పట్టుకోవాలి. దగ్గర్లో కరెంటు తీగలుంటే ఇనుప నిచ్చెన వద్దు.

ఇనుప రేకైతే స్క్రూల వరుస మీదే అడుగు వేయండి, కింద అడ్డ పైపు ఉండేది అక్కడే. సిమెంటు రేకు మీద నేరుగా అసలు కాలు పెట్టకండి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, చెప్పకుండా విరుగుతుంది. కనీసం రెండు అడ్డ పైపుల మీద ఆనేలా మందపాటి పలక వేసుకోవాలి. పాత సిమెంటు రేకులో ఆస్‌బెస్టాస్ (దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) ఉండొచ్చు. గీకడం, డ్రిల్లు వేయడం వద్దు.

సీలెంటు (చిల్లు మూసే జిగురు) కొనేటప్పుడు ‘న్యూట్రల్’ అని ఉందో లేదో చూడండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ జింకు పూతను తినేస్తుంది, ఆ అంచునే మళ్లీ తుప్పు మొదలవుతుంది. అతుకు చిల్లు చుట్టూ 2 అంగుళాలైనా దాటాలి. గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) రేకుకు రాగి ముక్క అతికించొద్దు.

స్క్రూ బిగించేటప్పుడు రబ్బరు వాషరు కొద్దిగా నొక్కుకుంటే చాలు. బయటికి ఉబ్బిందంటే ఎక్కువ బిగించినట్టే.