కేబుల్ లేని అంబాసిడర్‌లో పాత స్పీడోమీటరును తిప్పడం

మా నాన్నగారు 1977లో కొన్న అంబాసిడర్ మార్క్ 3కి నిరుడు ఐదు గేర్ల గేర్‌బాక్సు వేయించాను. హైవే మీద ఇంజనుకు ఇప్పుడు ఆయాసం లేదు. అయితే గేర్‌బాక్సు తిరుగుడును మీటరుకు అందించే స్పీడోమీటరు కేబుల్‌ను తగిలించే చోటే కొత్త గేర్‌బాక్సుకు లేదు. ముల్లు సున్నా మీద పడిపోయింది, కిలోమీటర్ల అంకెలు ఆగిపోయాయి. డిజిటల్ మీటరు పెట్టించుకోమని చాలామంది చెప్పారు. చిన్నప్పుడు వెనక సీట్లోంచి తొంగిచూసిన ఆ డయల్‌ను తీసేయడం నా వల్ల కాలేదు. మీటరును విప్పకుండా, దాని వెనక కేబుల్ చేసే పనిని ఒక చిన్న మోటారుతో చేయించాను. మీ పాత కారుదీ ఇదే సమస్య అయితే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు మీటరు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. కేబుల్ తిరిగితే ఒక అయస్కాంతం తిరుగుతుంది. దానికి తగలకుండా పక్కనే ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో ఎడ్డీ కరెంట్లు (లోహంలో సుడులు తిరిగే విద్యుత్తు) పుట్టి, గిన్నెను అయస్కాంతం వెంట లాగుతాయి. సన్నటి హెయిర్ స్ప్రింగ్ దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. రెండు బలాలూ సరిపోయిన చోట ముల్లు నిలుస్తుంది. జర్మనీలో ఒట్టో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. కిలోమీటర్ల అంకెలు చూపే ఓడోమీటరుకు ఈ అయస్కాంతంతో సంబంధం లేదు. కేబుల్ ఎన్ని చుట్లు తిరిగిందో గేర్లే లెక్కపెడతాయి. అందువల్ల మోటారు వేగం సుమారుగా సరిపోతే చాలదు, చుట్ల లెక్క తప్పకూడదు. మోటారును నడిపే ప్రోగ్రాము మొత్తం ఈ ఒక్క నియమం మీదే రాశాను.

కిలోమీటరుకు కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చాలా మీటర్ల డయల్ మీదే చిన్న అంకెల్లో రాసి ఉంటుంది. నా డయల్ మీద అది మాసిపోయింది. మీటరును బల్ల మీద పెట్టి, ఎన్‌కోడర్ (చుట్లను పల్సులుగా, అంటే చిన్న విద్యుత్ సంకేతాలుగా లెక్కించే పరికరం) ఉన్న మోటారుతో ఐదు కిలోమీటర్లు మారేదాకా తిప్పితే 3,200 చుట్లు వచ్చాయి, అంటే కిలోమీటరుకు 640. బల్ల మీద తిరిగిన కిలోమీటర్లను కారు పుస్తకంలో రాసిపెట్టాను. మీరూ రాయండి, ఆ అంకె మీద రేపు మరొకరు నమ్మకం పెట్టుకుంటారు. తిప్పేముందు వేళ్లతో దిశ చూసుకోండి. తప్పు దిశలో తిప్పితే ముల్లు ఆపుడు మేకుకు ఒత్తుకుంటుంది.

ఇక చక్రం వైపు లెక్క. టైరు మీద సుద్దగీత గీసి, పది చుట్లు కారును నెట్టి టేపుతో కొలిచాను. 20.2 మీటర్లు వచ్చింది, అంటే కిలోమీటరుకు 495 చుట్లు. మా డిఫరెన్షియల్‌లో (వెనక యాక్సిల్ మధ్యనుండే గేర్ల పెట్టె) క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుకు 41 పళ్లు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 9. కాబట్టి గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కిలోమీటరుకు దాదాపు 2,255 చుట్లు తిరుగుతుంది. దాని మీద నాలుగు అయస్కాంతాలు పెట్టి, ఒక్కోటి ఎదురైనప్పుడల్లా సెన్సర్ ఒక పల్సు ఇచ్చేలా చేస్తే కిలోమీటరుకు 9,020 పల్సులు.

ఆ అయస్కాంతాలను షాఫ్ట్‌కు డిఫరెన్షియల్ వైపున్న ఫ్లాంజి (బోల్టులు బిగించే అంచు) దగ్గర పెట్టాను. అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ బ్రాకెట్‌ను డిఫరెన్షియల్ బోల్టులకే బిగించాను. కమాన్ పట్టీల మీద యాక్సిల్ ఎంత ఎగిరినా రెండూ కలిసే కదులుతాయి, మధ్యనున్న 3 మిల్లీమీటర్ల సందు మారదు. బ్రాకెట్‌ను బాడీకి బిగిస్తే మొదటి గుంతలోనే సెన్సర్ విరుగుతుంది. అయస్కాంతాలను జిగురుతో మాత్రమే అంటించకండి. రెండు ముక్కల అల్యూమినియం రింగులో గుంతలు చేయించి కూర్చోబెట్టాను. నేను వాడిన ఏ3144 రకం హాల్ సెన్సర్ దక్షిణ ధ్రువానికే స్పందిస్తుంది, కాబట్టి నాలుగూ ఒకే వైపు చూడాలి.

మోటారు విషయంలో నేను మొదట స్టెప్పర్ (చిన్న చిన్న అంగలుగా తిరిగే మోటారు) వాడాను. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముల్లు వణికింది, డ్యాష్‌బోర్డు మొత్తం తుమ్మెదలా మోగింది. దాన్ని తీసేసి 12 వోల్టుల డీసీ గేర్ మోటారు పెట్టాను: గేరు నిష్పత్తి 4.4, ఎన్‌కోడర్ మోటారు చుట్టుకు 11 పల్సులు. బయటి షాఫ్ట్ చుట్టుకు 48.4 పల్సులు వస్తాయి. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర నిమిషానికి 1,067 చుట్లు కావాలి, ఈ మోటారు 1,300 దాకా తిరుగుతుంది. నేను ఈ కారును 90 దాటించను.

మోటారును నేరుగా మీటరుకు బిగించకండి. పాత కేబుల్‌లో మీటరు వైపు చివర ఒక అడుగు ముక్క ఉంచుకుని, రెండో కొసను ఇత్తడి కప్లింగ్‌తో మోటారుకు కలపండి. లోపలి తీగను కోసేముందు ఆ చోటును పెట్రోలుతో తుడిచి, టంకం పట్టించి, టంకం మీదుగానే రంపం నడపండి. లేకపోతే పోగులు విడిపోయి తీగ పాడవుతుంది. గ్రీజు మోటారు వైపు కొద్దిగా చాలు. మీటరులోకి పాకితే అల్యూమినియం గిన్నె పాడవుతుంది.

ప్రోగ్రాము నడిచేది ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో. అందులో సెన్సర్‌ను డీ2కి, ఎన్‌కోడర్‌ను డీ3కి ఇచ్చాను, రెండూ ఇంటరప్ట్ పిన్నులే, అంటే పల్సు రాగానే బోర్డు దాన్ని వెంటనే పట్టుకుంటుంది. డీ9 నుంచి వచ్చే సంకేతంతో ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) మోటారును నడుపుతుంది, మోటారుకు అడ్డంగా ఒక డయోడ్. డీ9లో పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పవరును సర్దే పద్ధతి) మామూలుగా 490 హెర్ట్జ్, ఆ కీచుమనే శబ్దం చెవికి తెలుస్తుంది. టైమర్ మార్చి 20 కిలోహెర్ట్జ్‌కు పెంచండి. కారు కరెంటు శుభ్రంగా ఉండదు కనుక 2 ఆంపియర్ల ఫ్యూజు, వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునే టీవీఎస్ డయోడు, వోల్టేజిని 5 వోల్టులకు తగ్గించే బక్ కన్వర్టర్ తప్పనిసరి. బ్రిటిష్ వంశపు పాత కార్లు కొన్నింటిలో బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది, వైరు ముట్టుకునే ముందే చూసుకోండి.

ప్రోగ్రాము లెక్క ఇది: 640ని 48.4తో గుణించి 9,020తో భాగిస్తే 3.434. సెన్సర్ నుంచి ఒక్కో పల్సు వచ్చినప్పుడల్లా మోటారు చేయవలసిన బాకీకి 3.434 కలుస్తుంది. ఎన్‌కోడర్ పల్సు వచ్చినప్పుడల్లా ఒకటి తీరుతుంది. 20 మిల్లీసెకన్లకోసారి, ప్రస్తుత వేగానికి తగిన పవరు ఇచ్చి, బాకీని బట్టి కొద్దిగా పెంచుతాను లేదా తగ్గిస్తాను. వేగాన్ని నాలుగు పల్సుల సగటుతో తీసుకోండి. అయస్కాంతాల మధ్య దూరాల్లో తేడా ఉన్నా ఒక పూర్తి చుట్టులో అది కొట్టుకుపోతుంది. అర సెకను పల్సు రాకపోతే మోటారు ఆగాలి. బాకీని మాత్రం చెరపవద్దు, కారు మళ్లీ కదిలినప్పుడు తీరుతుంది.

విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు మీద, కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ ఇంటిల్లిపాదీ 20 కిలోమీటర్లు వెళ్లాం. ఓడోమీటరు 20.2 దగ్గర చూపింది. నేను కొలిచింది ఖాళీ కారుతో. నలుగురు ఎక్కేసరికి టైరు కాస్త అణిగి, చక్రం ఎక్కువ చుట్లు తిరిగింది. 3.434ను 3.40 చేశాను, సరిపోయింది.

అప్పటికీ ముల్లు 60 దగ్గర 56 మాత్రమే చూపింది, ఫోనులో జీపీఎస్ పెట్టి చూశాను. ఇక్కడ ప్రోగ్రాములో అంకె పెంచితే ముల్లు సరిపోతుంది కానీ ఓడోమీటరు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఓడోమీటరు సరిగ్గా ఉండి ముల్లు తప్పితే లోపం స్ప్రింగులోనో అయస్కాంతంలోనో ఉంటుంది. అది మీటరు మెకానిక్ పని. ఆయన హెయిర్ స్ప్రింగును వెంట్రుకవాసి సర్దారు. మరుసటి ఆదివారం అదే రోడ్డు మీద ముల్లు 60 గీత మీద నిలిచింది, వణకలేదు.