మింట్ వేశాక బావ షాపులో వచ్చిన తిప్పలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. గుంటూరు అరండల్‌పేటలో మా బావ డీటీపీ షాపులో ఉన్న పాత కంప్యూటరు విండోస్ 11కి పనికిరాదు. అందుకని విండోస్‌ను ఉన్నచోటే ఉంచి పక్కన లైనక్స్ మింట్ వేశాను. విండోస్ లాగే కంప్యూటరును నడిపించే ఉచిత సిస్టమ్ అది. ఆ వారమంతా ఫోన్లే ఫోన్లు. ఏది తేడా చేసినా "మళ్ళీ మొదట్నుంచి వేసేద్దామా?" అనేవాడు. ఒక్కదానికీ ఆ అవసరం రాలేదు.

విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్ళింది

పొద్దున పదింటికి షాపు తెరిస్తే విండోస్ నాలుగున్నర చూపించింది. బోర్డు మీద బ్యాటరీ పోయిందనుకుని బావ కొత్తది కొనుక్కొచ్చాడు కూడా. బ్యాటరీ పోతే తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఎందుకుంటుంది? మన టైము అంతర్జాతీయ సమయం కంటే అంత ముందుంటుంది. బోర్డులోని గడియారంలో మింట్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. మింట్‌లో టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి, మింట్ కూడా మన టైమే రాసేలా ఈ కమాండ్ కొట్టాలి. ఫోన్‌లో చెప్పినట్టే చెబుతున్నా: టైమ్‌డేట్‌సీటీఎల్, స్పేస్, సెట్ హైఫన్ లోకల్ హైఫన్ ఆర్‌టీసీ, స్పేస్, 1. అన్నీ చిన్న అక్షరాలే. ఎంటర్ కొడితే అది ఒక హెచ్చరిక చూపిస్తుంది, కంగారు పడొద్దు.

డీ డ్రైవ్‌లో ఫైలు తెరుచుకుంటుంది, సేవ్ కాదు

విండోస్‌ను షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగలేదు, సగం నిద్రలో ఉంది. ఫాస్ట్ స్టార్టప్ అంటే అదే. అలాంటి డ్రైవ్‌ను మింట్ చదవడానికే ఇస్తుంది, రాయనివ్వదు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, పవర్ బటన్ల పేజీలో అడుగున ఉన్న ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయాలి. అది బూడిద రంగులో ఉండి కదలకపోతే, పైన సెట్టింగులు మార్చే లింకు ఉంటుంది, ముందు దాన్ని నొక్కాలి. బలవంతంగా రాయించే దారులు ఉన్నాయి కానీ, కస్టమర్ల ఫైళ్ళున్న డ్రైవ్ మీద ఆ ప్రయోగాలు వద్దు.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది

యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదైంది, అది వేరే కథ. తర్వాత ఏ ప్రోగ్రామ్ వేయబోయినా డీపీకేజీ (మింట్‌లో ప్రోగ్రాములను ఎక్కించే పనిముట్టు) మధ్యలో ఆగిందని ఎర్రర్ వస్తోంది. ఆగిన పని పూర్తి చేయించడానికి టెర్మినల్‌లో ఇది కొట్టాలి: సుడో, స్పేస్, డీపీకేజీ, స్పేస్, రెండు హైఫన్లు, వాటికి ఆనుకుని కన్ఫిగర్, స్పేస్, ఒక హైఫన్, దానికి ఆనుకుని ఇంగ్లిష్ ఏ. ఇవీ చిన్న అక్షరాలే. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనపడదు, కొట్టుకుంటూ పోవడమే. లాక్ దొరకలేదని అంటే మాత్రం వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తున్నట్టు. టీ తాగి రండి. ఆ లాక్ ఫైలును డిలీట్ చేయమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి.

తెలుగు సరిగ్గా రావడం లేదు

ఈ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. అందుకే ముందు ఫోటో తీసి పంపమంటాను.

అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-టెలు వెతికి వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి.

అక్షరాలు ఉండి ఒత్తులు కిందికి చేరకుండా విడిపోతే తప్పు ఫాంటుది కాదు, ప్రోగ్రామ్‌ది. బావ దగ్గర పేజీలు డిజైన్ చేసే స్క్రైబస్ ప్రోగ్రామ్ పాతది, 1.4 ఉంది. 1.6 వేశాక "శ్రీరస్తు" కుదురుకుంది.

లిబ్రేఆఫీస్ (వర్డ్ లాంటి ఉచిత ఆఫీస్ ప్రోగ్రామ్) స్టైల్‌లో ఫాంటు మార్చినా తెలుగు మారకపోతే, మీరు మార్చింది ఇంగ్లిష్ ఫాంటు. తెలుగుకు అందులో వేరే గడి ఉంది, కానీ దాచి ఉంటుంది. ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్కు పెడితే బయటికొస్తుంది.

నాలుగోదే అసలు తలనొప్పి. పాత శుభలేఖ ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలూ తోకలూ. అను అనే పాత డీటీపీ ఫాంట్లలో చేసిన మ్యాటర్ యూనికోడ్ కాదు, అంటే ప్రతి తెలుగు అక్షరానికి సొంత కోడ్ ఉండే పద్ధతి కాదు. ఇంగ్లిష్ కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు అతికించిన పద్ధతి అది. పోతన వేసినా, నోటో లాంటి మరో యూనికోడ్ ఫాంటు వేసినా లాభం లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చుకోవాలి. మార్చాక ప్రూఫ్ చూడకుండా ప్రింటుకు ఇస్తే, పెళ్ళికూతురి పేరులో ఒత్తు జారిందని కార్డులన్నీ వెనక్కొస్తాయి.

కొత్త మ్యాటర్ టైపు చేయడానికి ఐబస్ (వేరే భాషల్లో టైపు చేయించే ప్రోగ్రామ్)తో పాటు దానికి కీబోర్డులు చేర్చే ఐబస్-ఎం17ఎన్ వేశాం. అందులో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, యాపిల్ రెండు కీబోర్డులూ ఉన్నాయి. చేర్చాక కూడా ఇంగ్లిషే పడుతుంటే ఒకసారి లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అవ్వాలి. షాపులో అబ్బాయి యాపిల్‌కు వారంలో అలవాటు పడ్డాడు. బావ చేతివేళ్ళు మాత్రం అను దగ్గరే ఉన్నాయి. పాత కస్టమర్ల మార్పులకు ఇంకా విండోస్‌లోకే వెళతాడు, కాకపోతే సపోర్టు ఆగిన విండోస్ కదా అని ముందు నెట్ కేబుల్ పీకేస్తాడు.